శరీరంలో దారాలు వదులైతే?

మీ శరీరంలో ముప్పై లక్షల కోట్లకు పైగా కణాలున్నాయి. ఇన్ని కణాలూ ఒకదాన్నొకటి పట్టుకొని ఎలా నిలబడుతున్నాయో ఎప్పుడైనా ఆలోచించారా? మీరు గోడ మీంచి దూకినప్పుడు మూత్రపిండాలు కిందికి జారిపోవేం? లెక్కల మాస్టారు మెలిపెట్టి వదిలిన చెవి మళ్లీ మునుపటి ఆకారానికే ఎందుకు వస్తుంది? చేతి వెనక చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి లాగి వదిలితే చటుక్కున వెనక్కి ఎందుకు పోతుంది?

ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు ఒకటే: సంయోజక కణజాలం. పేరు పెద్దదే గాని పని తేలికగానే అర్థమవుతుంది. ఇల్లు కట్టడానికి ఇటుకలు ఒక్కటే చాలవు. వాటి మధ్య సున్నమో, సిమెంటో ఉండాలి. కణాలు ఇటుకలైతే వాటిని పట్టి ఉంచే సున్నం సంయోజక కణజాలం. అయితే ఇది సున్నంలా బిగుసుకుపోయి ఉండదు. కొన్నిచోట్ల తాడులా గట్టిగా, కొన్నిచోట్ల రబ్బరులా సాగుతూ, కొన్నిచోట్ల మెత్తగా ఉంటుంది. ఎముకను ఎముకతో కట్టేది ఇదే. కండరాన్ని ఎముకకు అతికించేదీ ఇదే. రక్తనాళాల గోడల్లో, చర్మం కింద, ఊపిరితిత్తుల్లో, కంట్లో కూడా ఇది ఉంది.

మరి ఈ కట్టే దారం పుట్టుకతోనే కాస్త వదులుగా తయారైతే ఏమవుతుంది? అలాంటి ఒక అరుదైన వ్యాధి గురించి ఇప్పుడు తెలుసుకుందాం. దాని పేరు మార్ఫాన్ సిండ్రోమ్. కొన్ని లక్షణాలు గుంపుగా కలిసి కనిపిస్తే దాన్ని వైద్యులు సిండ్రోమ్ అంటారు.

మూడు రకాల దారాలు

సంయోజక కణజాలంలో ముఖ్యంగా మూడు రకాల దారాలను గుర్తుంచుకుందాం. ఇవన్నీ ప్రోటీన్లే.

మొదటిది కొల్లాజెన్. ఇది మోకు లాంటిది. ఎంత లాగినా సాగదు, తొందరగా తెగదు. రెండోది ఎలాస్టిన్. ఇది రబ్బరు లాంటిది. లాగితే సాగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. మూడోది ఫైబ్రిలిన్. ఇది చాలా సన్నని దారం. చూడటానికి అల్పమైనదే గాని, ఇది లేకపోతే ఎలాస్టిన్ సరిగా అమరదు. చిక్కుడు తీగ పాకాలంటే ముందు పందిరి వేయాలి కదా! ఎలాస్టిన్ తీగ అయితే ఫైబ్రిలిన్ దాని పందిరి. పందిరి కర్రలు పుచ్చిపోతే తీగ ఎంత బలంగా ఉన్నా కిందికి వాలిపోతుంది.

ఫైబ్రిలిన్‌కు ఇంకో పని కూడా ఉంది. కణాలకు "పెరుగు", "మారు" అని కబురు చెప్పే కొన్ని పదార్థాలు శరీరంలో ఉంటాయి. వాటిలో ఒకదాన్ని ఫైబ్రిలిన్ దారాలు పట్టి ఉంచుతాయి. అవసరమైనప్పుడే అది బయటికి రావాలి. దారాలు పాడైతే ఆ పదార్థం అదుపు తప్పుతుంది. అప్పుడు రక్తనాళం గోడ మరింత దెబ్బతింటుంది.

మార్ఫాన్ సిండ్రోమ్ ఉన్నవారిలో చెడిపోయేది ఈ ఫైబ్రిలినే. మిగిలిన బాధలన్నీ దాని వెనక వచ్చేవి.

పారిస్‌లో ఐదేళ్ల పాప

1896లో ఆంటొయిన్ మార్ఫాన్ అనే ఫ్రెంచి పిల్లల వైద్యుడు పారిస్‌లోని వైద్యుల సభకు ఒక ఐదేళ్ల పాప సంగతి వివరించాడు. ఆ పాప కాళ్లూ చేతులూ సన్నగా, అసాధారణమైన పొడుగు ఉన్నాయి. వేళ్లు సాలీడు కాళ్లను తలపించేలా ఉన్నాయి. ఆయన పేరే తరువాత ఈ వ్యాధికి స్థిరపడింది. తమాషా ఏమిటంటే, ఆ పాపకు ఉన్నది ఈ వ్యాధి కాకపోవచ్చనీ, దీనికి దగ్గరి చుట్టమైన మరో వ్యాధి కావచ్చనీ తరువాతి పరిశోధకులు అభిప్రాయపడ్డారు. అయినా పేరు మాత్రం మారలేదు.

మొదట్లో అందరూ దీన్ని ఎముకల వ్యాధి అనుకున్నారు. 1914లో కంటి కటకం పక్కకు జరగడానికీ దీనికీ సంబంధం ఉందని గమనించారు. 1943లో గుండె దగ్గరి పెద్ద రక్తనాళం కూడా దెబ్బతింటుందని తెలిసింది. ఎముకకూ కంటికీ రక్తనాళానికీ ఏమిటి సంబంధం? ఇదొక చిక్కుముడి. అమెరికాలో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యుడు విక్టర్ మెక్యూసిక్ 1950లలో అనేక కుటుంబాలను పరిశీలించి దీనికి సమాధానం సూచించాడు. మూడు చోట్లా ఉన్నది ఒకే రకం కట్టుదారం, ఆ దారంలోనే లోపం ఉండాలి అన్నాడు. అప్పటికి ఆ దారం ఏదో ఎవరికీ తెలియదు. 1986లో ఫైబ్రిలిన్‌ను కనుక్కున్నారు. 1991లో దాని జన్యువులో ఉన్న తప్పును పట్టుకున్నారు. చిక్కుముడి విడిపోవడానికి 95 ఏళ్లు పట్టింది!

ఎక్కడెక్కడ వదులు?

ఎముకలతో మొదలుపెడదాం. ఈ వ్యాధి ఉన్నవారు సాధారణంగా తమ ఇంటివారికన్నా పొడుగ్గా, సన్నగా ఉంటారు. కాళ్లూ చేతులూ వేళ్లూ మరీ పొడుగు. కీళ్లు వదులుగా ఉంటాయి. పక్కటెముకలు ఎక్కువగా పెరిగి రొమ్ము ఎముకను లోపలికి నెట్టవచ్చు, లేదా పావురం రొమ్ములా బయటికి తోయవచ్చు. వెన్నెముక పక్కకు వంగవచ్చు. పాదాలు చదునుగా ఉండవచ్చు.

ఇక కన్ను. ఉట్టి మీద కుండను చూశారు కదా? చుట్టూ ఉన్న తాళ్లు సమానంగా లాగి పట్టుకుంటేనే కుండ కదలకుండా నిలుస్తుంది. కంట్లో కటకం కూడా అలాగే చుట్టూ సన్నని దారాలతో వేలాడుతూ ఉంటుంది. ఆ దారాలు దాదాపు పూర్తిగా ఫైబ్రిలిన్‌తోనే తయారవుతాయి. అవి సాగినా తెగినా కటకం ఒక పక్కకు జరుగుతుంది. ఈ వ్యాధి ఉన్నవారిలో సగం మందికి పైగా ఇలా జరుగుతుంది. దూరపు వస్తువులు కనబడని హ్రస్వదృష్టి కూడా చాలామందికి ఉంటుంది. కంటి వెనక ఉండే నేత్రపటలం ఊడివచ్చే ప్రమాదం కూడా ఉంది.

ఇవన్నీ ఇబ్బంది పెట్టేవే గాని ప్రాణం తీసేవి కావు. ప్రాణం మీదికి తెచ్చేది బృహద్ధమని.

సైకిలు ట్యూబులో ఉబ్బు

గుండె ఎడమ జఠరిక నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళమే బృహద్ధమని. గుండె నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటుందనుకోండి. రోజుకు ఎన్నిసార్లు? లెక్క కట్టండి: 70 × 60 × 24 = 1,00,800. అంటే రోజూ లక్ష సార్లు బృహద్ధమని కాస్త సాగి, మళ్లీ వెనక్కి రావాలి. ఎలాస్టిన్ ఉన్నది అందుకే. పైగా ఈ ఎలాస్టిన్ చాలావరకు చిన్నతనంలోనే తయారవుతుంది. జీవితమంతా దానితోనే నెట్టుకురావాలి.

ఫైబ్రిలిన్ పందిరి బలహీనమైతే గోడ సాగుతుంది గాని పూర్తిగా వెనక్కి రాదు. ఏళ్లు గడిచేకొద్దీ బృహద్ధమని గుండె దగ్గర మెల్లగా వెడల్పవుతుంది. ఇందులో నొప్పి ఉండదు. మనిషి హాయిగా తిరుగుతూనే ఉంటాడు. అసలు ప్రమాదం అదే!

సైకిలు ట్యూబులో ఒకచోట ఉబ్బు వచ్చిందనుకోండి. ఇంకా గాలి కొడితే ఎక్కడ పగులుతుంది? ఉబ్బు దగ్గరే అని సైకిలు షాపులో పనిచేసే కుర్రవాడు కూడా చెబుతాడు. దీని వెనక ఒక భౌతికశాస్త్ర సూత్రం ఉంది. గొట్టం గోడ మీద పడే లాగుడు లోపలి పీడనాన్ని బట్టే కాదు, గొట్టం వ్యాసార్ధాన్ని బట్టి కూడా పెరుగుతుంది. పీడనం మారకపోయినా గొట్టం వెడల్పైతే గోడ మీద లాగుడు ఎక్కువవుతుంది. పెద్దవాళ్లలో గుండె దగ్గర బృహద్ధమని వ్యాసం సుమారు 3 సెంటీమీటర్లు. అది 5 సెంటీమీటర్లయితే? రక్తపోటు అంతే ఉన్నా లాగుడు 5/3 రెట్లు, అంటే ఒకటిన్నర రెట్లకు మించి అవుతుంది. గోడ సాగి పలచబడటం దీనికి తోడు. కనుక వెడల్పు పెరిగేకొద్దీ గోడ ఇంకా సాగుతుంది, సాగేకొద్దీ ఇంకా వెడల్పవుతుంది.

చివరికి ఒకరోజు లోపలి పొర చిరగవచ్చు. బొంతకు పైగుడ్డ చిరిగితే పోసిన నీళ్లు పొరల మధ్యకు పారినట్టు, రక్తం బృహద్ధమని పొరల మధ్యకు దూసుకుపోతుంది. ఛాతీలోనో వీపులోనో చీల్చేసినట్టు నొప్పి వస్తుంది. వెంటనే శస్త్రచికిత్స జరగకపోతే ప్రాణం దక్కడం కష్టం.

ఒక క్రీడాకారిణి కథ

ఫ్లో హైమన్ అమెరికా మహిళల వాలీబాల్ జట్టులో ప్రసిద్ధ క్రీడాకారిణి. ఎత్తు 6 అడుగుల 5 అంగుళాలు. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ పోటీల్లో ఆమె జట్టు రజత పతకం గెలుచుకుంది. తరువాత ఆమె జపాన్ వెళ్లి అక్కడి జట్టు తరఫున ఆడింది. 1986 జనవరి 24న మత్సుయే నగరంలో ఆట జరుగుతుండగా ఆమె స్థానంలో మరొకరు దిగారు. ఆమె వచ్చి బల్ల మీద కూర్చొని, కొద్దిసేపట్లోనే కుప్పకూలింది. అప్పటికి ఆమె వయస్సు 31 ఏళ్లు.

మొదట అందరూ గుండెపోటు అనుకున్నారు. శవపరీక్షలో అసలు కారణం బయటపడింది. ఆమెకు మార్ఫాన్ సిండ్రోమ్ ఉంది, బృహద్ధమని చిరిగింది. అంత గొప్ప క్రీడాకారిణి ఎన్నో ఏళ్లు ఆడినా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

కథ అక్కడితో ఆగలేదు. ఇది వంశంలో వచ్చే వ్యాధి కదా అని ఆమె తోబుట్టువులను కూడా పరీక్షించారు. ఒక తమ్ముడికి అదే వ్యాధి ఉన్నట్టు తేలింది. ఆయనకు సకాలంలో శస్త్రచికిత్స చేశారు. అక్కకూ తమ్ముడికీ వచ్చింది ఒకటే వ్యాధి. తేడా ఎక్కడ వచ్చింది? ఆమెకు తెలియలేదు, ఆయనకు తెలిసింది. అంతే!

తప్పు ఎక్కడ మొదలైంది?

శరీరంలో ప్రతి ప్రోటీన్‌నూ ఎలా తయారుచేయాలో జన్యువుల్లో రాసి ఉంటుంది. ఫైబ్రిలిన్ తయారీ విధానం 15వ క్రోమోజోము మీద ఉంది. ఈ ప్రోటీన్ 2,871 అమైనో ఆమ్లాల పొడవైన గొలుసు. అందులో ఒక్క పూస మారినా చాలు, దారం చెడుతుంది. 1991లో మొదట పట్టుకున్న తప్పు అలాంటిదే. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం ఉండవలసిన చోట ప్రోలీన్ ఉంది. ఆ తరువాత ఇదే జన్యువులో వెయ్యికి పైగా వేర్వేరు తప్పులు బయటపడ్డాయి. అందువల్లనే ఒకరికి కళ్లు ఎక్కువగా దెబ్బతింటే మరొకరికి ఎముకలు దెబ్బతింటాయి. ఒకే ఇంట్లో ఇద్దరికి ఉన్నా తీవ్రత ఒకేలా ఉండదు.

జన్యువులు జతలుగా ఉంటాయని, ఒకటి తల్లి నుంచీ మరొకటి తండ్రి నుంచీ వస్తుందని మీరు పాఠంలో చదివే ఉంటారు. ఈ వ్యాధిలో జతలో ఒక్క జన్యువు చెడినా లక్షణాలు కనిపిస్తాయి. ఇది బహిర్గత లక్షణం అన్నమాట. తల్లికో తండ్రికో ఈ వ్యాధి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. "మొదటి బిడ్డకు వచ్చింది కనుక రెండో బిడ్డకు రాదు" అనుకుంటారు. నాణెం ఎగరేసినప్పుడు మొదటిసారి బొమ్మ పడిందని రెండోసారి బొరుసే పడుతుందా? నాణేనికి జ్ఞాపకం ఉండదు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచే.

ప్రతి నలుగురు రోగుల్లో సుమారు ముగ్గురికి ఇది తల్లిదండ్రుల నుంచి వస్తుంది. నాలుగోవారి ఇంట్లో ఇంతకుముందు ఎవరికీ ఉండదు. అండంలోనో శుక్రకణంలోనో కొత్తగా జరిగిన మార్పు, అంటే ఉత్పరివర్తనం, దానికి కారణం.

ఇది అంటువ్యాధి కాదు. పక్కన కూర్చుంటే రాదు, కలిసి తింటే రాదు. కడుపుతో ఉన్న తల్లి గ్రహణం చూసినందువల్ల వచ్చేది కాదు. ఎవరి పాపమూ దీనికి కారణం కాదు. మేనరికం వల్ల కొన్ని వంశపారంపర్య వ్యాధులు వచ్చే అవకాశం పెరుగుతుందన్నది నిజమే. రెండు జన్యువులూ చెడితేనే వచ్చే వ్యాధుల సంగతి అది. ఒక్క జన్యువు చెడితేనే వచ్చే ఈ వ్యాధికి మేనరికం కారణం కాదు.

టేపుతో ఒక కొలత

ఈ వ్యాధి సుమారు 5,000 మందిలో ఒకరికి ఉంటుంది. అన్ని దేశాల్లోనూ, ఆడా మగా తేడా లేకుండా వస్తుంది. వెయ్యి మంది చదివే బడులు ఐదు తీసుకుంటే వాటన్నిటిలో ఒక్కరికి ఉండవచ్చు. ఇరవై లక్షల జనాభా ఉన్న జిల్లాలో? సుమారు 400 మంది. అరుదే గాని, లేదనుకొనేంత అరుదు కాదు.

దీన్ని ఎలా పోల్చుకుంటారు? గోడకు ఆనుకొని రెండు చేతులూ బార చాచండి. ఒక మధ్యవేలి కొన నుంచి రెండో మధ్యవేలి కొన దాకా టేపుతో కొలవండి. తరువాత ఎత్తు కొలవండి. చాలామందిలో ఈ రెండూ దాదాపు సమానంగా ఉంటాయి. మార్ఫాన్ ఉన్నవారిలో బార ఎత్తును మించిపోతుంది. బారను ఎత్తుతో భాగిస్తే 1.05 దాటడం వైద్యులు చూసే గుర్తుల్లో ఒకటి. ఉదాహరణకు ఎత్తు 160 సెంటీమీటర్లయితే బార 168 దాటాలి.

ఇంకొక గుర్తు: బొటనవేలిని అరచేతిలోకి మడిచి పిడికిలి బిగించండి. ఈ వ్యాధి ఉన్నవారిలో బొటనవేలి చివరి కణుపు మొత్తం చిటికెనవేలి పక్కనుంచి బయటికి పొడుచుకు వస్తుంది. మరొకటి: ఒక చేతి మణికట్టును రెండో చేతి బొటనవేలు, చిటికెనవేలితో చుట్టి పట్టుకుంటే బొటనవేలు చిటికెనవేలి గోరును పూర్తిగా కప్పేస్తుంది.

ఆగండి! మీకు గాని మీ స్నేహితుడికి గాని వీటిలో ఒకటి కనిపించినంత మాత్రాన కంగారు పడకండి. ఆరోగ్యంగా ఉన్నవారిలో కూడా ఇలాంటివి కనిపిస్తాయి. పొడుగ్గా ఉండేవాళ్లలో చాలా ఎక్కువ మంది ఈ జబ్బు లేనివాళ్లే. అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ పొడుగ్గా, సన్నగా ఉండేవాడు గనుక ఆయనకు ఈ వ్యాధి ఉండేదని కొందరు వాదించారు. ఆ వాదం ఇంతవరకు రుజువు కాలేదు. ఆకారాన్ని చూసి తీర్పు చెప్పకూడదనడానికి అదొక ఉదాహరణ.

ఎప్పుడు డాక్టరును కలవాలి? ఇలాంటి గుర్తులు అనేకం కలిసి ఉన్నప్పుడు. కటకం జరిగిందని కంటి డాక్టరు చెప్పినప్పుడు. బంధువుల్లో ఎవరికైనా ఈ వ్యాధి ఉన్నప్పుడు, లేక చిన్న వయస్సులోనే ఎవరైనా హఠాత్తుగా పోయినప్పుడు. డాక్టరు కంటి పరీక్ష చేయిస్తారు, గుండెకు ఎకో పరీక్ష చేయిస్తారు. గబ్బిలం తన కేక ప్రతిధ్వనిని విని దారి తెలుసుకుంటుంది కదా! ఎకో యంత్రం కూడా మనకు వినబడని ధ్వనిని పంపి, తిరిగి వచ్చిన ప్రతిధ్వనితో గుండె బొమ్మ గీస్తుంది. సూది లేదు, నొప్పి లేదు. బృహద్ధమని ఎంత వెడల్పుందో మిల్లీమీటర్లలో తెలిసిపోతుంది. అవసరమైతే జన్యు పరీక్ష కూడా చేస్తారు.

దీనితో జీవించడం

చెడిన జన్యువును సరిచేసే మందు ఇంతవరకు లేదు. అలాగని చేతులు ముడుచుకు కూర్చోనక్కరలేదు. 1972లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం ఈ రోగులు సగటున 32 ఏళ్లకే మరణించేవారు. 1990లలో మళ్లీ లెక్క తీస్తే ఆయుర్దాయం 70 ఏళ్లు దాటింది. ఒక తరం లోపలే ఇంత మార్పు! ఇది మూడు పనుల వల్ల జరిగింది.

మొదటిది, కొలుస్తూ ఉండటం. ఏటా ఎకో పరీక్ష చేసి పాత కొలతతో పోల్చుతారు. చడీచప్పుడూ లేకుండా పెరిగే ప్రమాదం కనుక అంకె ద్వారానే దాన్ని కనిపెట్టాలి.

రెండోది, మందు. గుండె వేగాన్నీ కొట్టుకొనే ఉధృతినీ తగ్గించే మందులున్నాయి. వాటిలో ఒకటైన ప్రొప్రనలాల్ బృహద్ధమని వెడల్పయ్యే వేగాన్ని తగ్గిస్తుందని 1994లో ప్రచురించిన పరిశోధన చూపింది. రోజుకు లక్ష దెబ్బలు తప్పవు. ఒక్కో దెబ్బనూ కాస్త మెత్తన చేయడమే ఈ మందు పని. బాగున్నాం కదా అని మధ్యలో మానేయకూడదు.

మూడోది, శస్త్రచికిత్స. 1968లో లండన్‌లో హ్యూ బెంటాల్, ఆంటొనీ డి బోనో అనే వైద్యులు ఒక పద్ధతిని ప్రకటించారు. ఉబ్బిన భాగాన్ని కోసివేసి, దాని స్థానంలో కృత్రిమ కవాటం అమర్చిన గొట్టాన్ని కుట్టడం ఆ పద్ధతి. లోహపు కవాటం పెడితే రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్రలు వేసుకోవాలి. తరువాత సొంత కవాటాన్ని నిలుపుకొనే పద్ధతులు కూడా వచ్చాయి. సాధారణంగా వ్యాసం 5 సెంటీమీటర్లకు చేరువవుతున్నప్పుడు, చిరగక ముందే, శస్త్రచికిత్స చేస్తారు. చిరిగిన తరువాత ఆదరాబాదరాగా చేయడం కన్నా ఇది ఎంతో క్షేమం.

వీటికి తోడు రోగి పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. బరువులెత్తడం, కుస్తీ, కబడ్డీ, బాస్కెట్‌బాల్ వంటివి మానాలి. ఊపిరి బిగబట్టి బరువెత్తినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. దెబ్బ తగిలితే కంటికీ ప్రమాదమే. అయితే మంచానికి అతుక్కుపోనక్కరలేదు. నడక, నెమ్మదిగా సైకిలు తొక్కడం, తేలికగా ఈదడం వంటివి డాక్టరు సలహాతో చేయవచ్చు, చేయాలి కూడా.

ఛాతీలోనో వీపులోనో హఠాత్తుగా భరించరాని నొప్పి వచ్చినా, ఉన్నట్టుండి ఊపిరి ఆడకపోయినా, కంటి ముందు మెరుపులు మెరిసి తెర పడినట్టయినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. వెళ్లగానే "నాకు మార్ఫాన్ ఉంది" అని చెప్పాలి. ఆ ఒక్క మాటతో డాక్టరు ఏం వెతకాలో తెలుస్తుంది. మాట్లాడలేని స్థితి రావచ్చు గనుక ఆ సంగతి రాసిన చీటీ జేబులో ఉంచుకోవడం మంచిది.

ఆట మానవలసి రావడం చిన్న బాధ కాదు. అయిజెయా ఆస్టిన్ అనే అమెరికన్ యువకుడు 7 అడుగుల పైన ఎత్తున్న బాస్కెట్‌బాల్ ఆటగాడు. 2014 జూన్‌లో, పెద్ద జట్లు ఆటగాళ్లను ఎంచుకోవడానికి కొద్ది రోజుల ముందు, పరీక్షల్లో అతనికి మార్ఫాన్ ఉందని తేలింది. ఆట ఆపేయమన్నారు. చిన్ననాటి కల చేతికి అందేవేళ జారిపోయింది. అతను ఆట ఆపి, క్రమంగా పరీక్షలు చేయించుకుంటూ వచ్చాడు. బృహద్ధమని నిలకడగా ఉందని 2016లో వైద్యులు అనుమతి ఇచ్చాక మళ్లీ ఆడాడు. అందరికీ అలాంటి అనుమతి దొరకదు. ఇలాంటి నిర్ణయం కొలతలు చూసి డాక్టరు చేయవలసిందే గాని, ఆశ కొద్దీ మనం చేసుకోవలసింది కాదు.

రోగే ఇంజనీరైతే

టాల్ గోల్స్‌వర్తీ ఇంగ్లండులో ఒక ఇంజనీరు. ఆయనకు మార్ఫాన్ ఉంది. బృహద్ధమని వెడల్పవుతోంది, శస్త్రచికిత్స చేయించుకోవాలన్నారు. కృత్రిమ కవాటం, జీవితాంతం మాత్రలు ఆయనకు నచ్చలేదు. ఆయన ఇంజనీరులా ఆలోచించాడు. తోటలో నీళ్ల గొట్టం ఉబ్బితే మనం ఏం చేస్తాం? కోసి పారేస్తామా? పైన గుడ్డ చుట్టి గట్టిగా కడతాం. మరి బృహద్ధమనికి బయటినుంచి తొడుగు వేస్తే?

స్కానింగ్ బొమ్మల సాయంతో తన బృహద్ధమని నమూనాను కంప్యూటరులో గీయించాడు. అచ్చం అదే కొలతలతో ఒక అచ్చు చేయించాడు. ఆ అచ్చు మీద మెత్తని వలగుడ్డతో తొడుగు తయారైంది. 2004లో లండన్‌లోని రాయల్ బ్రాంప్టన్ ఆసుపత్రిలో జాన్ పెప్పర్ అనే శస్త్రవైద్యుడు దాన్ని అమర్చాడు. ఆ తొడుగు వేయించుకున్న మొట్టమొదటి మనిషి గోల్స్‌వర్తీయే! ఆ తరువాత ఇతర దేశాల్లో కూడా వందలాది మందికి అలాంటి తొడుగులు వేశారు. ఇది అందరికీ సరిపడే పద్ధతి కాదు. తగినవారికి మాత్రం అదొక కొత్త దారి.

మీ తరగతిలో ఉంటే?

తాటిచెట్టు, కొంగ, నిచ్చెన... పొడుగ్గా, బక్కగా ఉన్న పిల్లలకు బడిలో పెట్టే పేర్లు మీకు తెలిసినవే. ఆటలో దిగనివాణ్ణి "పిరికివాడు" అనడమూ తెలిసిందే. మార్ఫాన్ ఉన్న పిల్లవాడు బయటికి ఆరోగ్యంగానే కనిపిస్తాడు. అతనికి కట్టు లేదు, చేతికర్ర లేదు. "ఎందుకు ఆడవు?" అని పదిమంది ముందు అడిగితే అతను ఏం చెబుతాడు? ఏదో ఒకరోజు మాట పడలేక బరిలోకి దిగితే అది ప్రాణం మీదికి రావచ్చు. మీ ఎగతాళి మాట కూడా అతని రక్తనాళం మీద పడే బరువే!

అతనికి కావలసింది జాలి కాదు. కళ్లజోడు ఉన్నా బోర్డు కనబడకపోతే ముందు బల్లలో చోటు, పుస్తకాల సంచి బరువు తగ్గించే ఏర్పాటు, ఆటస్థలంలో అంపైరుగానో స్కోరు రాసేవాడిగానో ఒక బాధ్యత. వ్యాయామ ఉపాధ్యాయునికి సంగతి తెలిసి ఉండాలి. ఇవి ఏ బడిలోనైనా పైసా ఖర్చు లేకుండా చేయగలిగినవే.

మీరే ఆలోచించి చెప్పండి

1. బృహద్ధమని వ్యాసం 3 సెంటీమీటర్ల నుంచి 4.5 సెంటీమీటర్లకు పెరిగింది. రక్తపోటు మారలేదు. గోడ మీద లాగుడు ఎన్ని రెట్లయింది?

2. ఒక తల్లికి మార్ఫాన్ ఉంది. మొదటి ఇద్దరు పిల్లలకు రాలేదు. మూడో బిడ్డకు వచ్చే అవకాశం ఎంత?

3. గుండె నిమిషానికి 70 బదులు 60 సార్లు కొట్టుకుంటే రోజుకు ఎన్ని దెబ్బలు తగ్గుతాయి? ఏడాదికి ఎన్ని?

4. మీ తరగతిలో అందరి ఎత్తూ బారా కొలిచి పట్టిక వేయండి. రెండూ సరిగ్గా సమానంగా ఉన్నవాళ్లు ఎందరు? ఆరోగ్యంగా ఉన్న మనుషుల్లోనే ఎంత తేడా ఉంటుందో మీకే తెలుస్తుంది.